మంచిగా నడిచే లారీకీ అదే బీమా రేటా?

ఎడిటర్ గారికి నమస్కారం.

లారీ ఎక్కడైనా గుద్దితే మర్నాడు పేపర్లో రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. ఒకటి అతివేగం, రెండోది డ్రైవర్ నిర్లక్ష్యం. మీ పేపరే అని కాదు, అన్నీ అంతే. చాలాసార్లు అది నిజమే కూడా, నేను కాదనను. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2023లో దేశం మొత్తం మీద 4,80,583 ప్రమాదాలు జరిగి 1,72,890 మంది చనిపోయారు, అందులో ఎక్కువ భాగం అతివేగం ఖాతాలోనే పడింది. కానీ ఆ వేగం ఎంత, బ్రేక్ ఎప్పుడు పడింది, బండి అంతకుముందు ఎన్ని గంటలు ఆగకుండా నడిచింది అన్నది ఇప్పుడు ఎవరూ ఊహించి చెప్పాల్సిన పనిలేదు. కొత్త లారీల్లో అదంతా రికార్డవుతోంది. ప్రమాదం చేసిన లారీదే కాదు, ఏళ్ల తరబడి ఎవరికీ చిన్న గీత కూడా పెట్టకుండా తిరుగుతున్న లారీదీ రికార్డవుతోంది. ఈ రెండో రకం లారీల గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

మాది హన్మకొండ. నాన్నకు నాలుగు లారీలున్నాయి, నాలుగూ పది టైర్ల బండ్లే. ఎనుమాముల మార్కెట్ సీజన్లో మిర్చి, పత్తి, మక్కలు, మిగతా రోజుల్లో బియ్యం, బసంత్‌నగర్ నుంచి సిమెంటు, ఏ లోడు దొరికితే అది. బండ్ల సంగతి నాన్న చూసుకుంటే లెక్కలు నేను చూస్తాను. డీజిల్ బిల్లులు, టైర్లు, ఫాస్టాగ్, ఫిట్‌నెస్, మూడు నెలలకోసారి ట్యాక్స్, డ్రైవర్ల బత్తా, ఫైనాన్స్ కిస్తీ, వీటన్నిటికీ ఒక దారి ఉంటుంది, ఎక్కడో ఒకచోట తగ్గించుకోవచ్చు, లేదా కొన్ని రోజులు వాయిదా వేయొచ్చు. ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఏమీ నడవదు. తారీఖు వస్తే మొత్తం డబ్బు ఒకేసారి కట్టాలి, లేకపోతే బండి గేటు దాటొద్దు.

మొన్న రెన్యువల్‌కు వచ్చిన ఏజెంటుకు మా బండ్ల డ్రైవింగ్ రిపోర్టులు ప్రింట్ తీసి చూపించాను. ఏ బండి నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, రాత్రి ఎంత, పగలు ఎంత, స్పీడ్ ఎక్కడెక్కడ దాటింది, ఒక్కసారిగా కొట్టిన గట్టి బ్రేకులు ఎన్ని, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఊరికే ఎంతసేపు నిలబడింది, అన్నీ ఉన్నాయి అందులో. ఆయన మర్యాదగా రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టి, "ఇవన్నీ మా సిస్టంలో ఎక్కవమ్మా. బండి వెయిటెంత, ఏ ఇయర్ మోడల్, పోయినేడు క్లెయిమ్ ఉందా లేదా, గంతే" అన్నాడు. ఆయన్ని అనడానికేం లేదు, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అసలు తిరకాసు ఎక్కడుందో పాఠకులకు అర్థం కావాలంటే లారీ బీమా ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి.

లారీ పాలసీలో రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా రోడ్డెక్కడానికి లేదు. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టానికి, మేమంతా ఓడీ అంటాం. 2007 జనవరి నుంచి ఓడీ రేట్లు కంపెనీలే వేసుకుంటున్నాయి, అందుకే ఏజెంట్లను నలుగురిని అడిగితే నాలుగు రేట్లు చెప్తారు. థర్డ్ పార్టీ రేటు మాత్రం ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, ఏ కంపెనీకి పోయినా ఒకటే. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 20 టన్నుల నుంచి 40 టన్నుల మధ్య మొత్తం బరువుండే సరుకు లారీకి 43,950 రూపాయలు. దాని మీద జీఎస్టీ వేరే. నాలుగు బండ్లకు లెక్కేసుకుంటే పన్ను కాకుండానే 1,75,800.

ఇందులో చిత్రం ఏంటంటే బండి పాతబడే కొద్దీ దాని విలువ తగ్గుతుంది కాబట్టి ఓడీ ప్రీమియం కూడా తగ్గుతూ వస్తుంది, థర్డ్ పార్టీ మాత్రం పైసా తగ్గదు. అంటే పాత బండ్లున్న చిన్న ఓనర్ కట్టే డబ్బులో పెద్ద వాటా ఏదైతే ఉందో దానికీ, ఆ బండి ఎలా నడుస్తోందన్నదానికీ ఏ సంబంధమూ లేదు. తాగి నడిపే డ్రైవర్ను పెట్టుకుని, పర్మిట్‌కు మించి లోడు వేసి, రాత్రంతా పరుగెత్తించే ఓనర్ ఎంత కడతాడో, డ్రైవర్‌కు నిద్రపోయే టైమిచ్చి జాగ్రత్తగా నడిపించే ఓనరూ అంతే కడతాడు. అందరినీ ఒకే గాటన కట్టేశారు.

నో క్లెయిమ్ బోనస్ ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, అలా పెరుగుతూ అయిదేళ్లకు 50 శాతం దాకా పోతుంది. కానీ అది ఓడీ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద కాదు. పైగా ఒక్క క్లెయిమ్ పెడితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే బంపర్ వంగినా, హెడ్‌లైట్ పగిలినా, క్యాబిన్ డోర్ నొక్కుకుపోయినా ఆటోనగర్‌లో చేతి నుంచి డబ్బు పెట్టుకుని బాగు చేయించుకుంటాం తప్ప క్లెయిమ్ జోలికి పోం. బీమా కట్టేది మేమే, రిపేర్ ఖర్చు పెట్టుకునేదీ మేమే.

చిన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది, ఇది చాలామంది మా ఓనర్లకే తెలియదు. రెండు మూడు వందల లారీలున్న పెద్ద కంపెనీ బీమావాళ్లతో బేరం ఆడగలుగుతుంది. గత మూడేళ్లలో ఇంత ప్రీమియం కట్టాం, ఇంత క్లెయిమ్ తీసుకున్నాం, చూడండి అని కాగితం పెడుతుంది. అన్ని బండ్లున్నప్పుడు ఆ లెక్కకు ఒక అర్థం ఉంటుంది. నాలుగు బండ్లున్న మాలాంటి వాళ్లకు ఆ లెక్కకు అర్థమే లేదు. ఒక ఏడాది ఒక్క బండికి దెబ్బ తగిలితే మా బండ్లలో నాలుగోవంతు ప్రమాదం చేసినట్టు కనిపిస్తుంది. అయిదేళ్లు ఏమీ జరగకపోతే అది మా జాగ్రత్తో మా అదృష్టమో బీమావాళ్లకు తేల్చుకోవడం కుదరదు. ప్రమాదం అనేది అరుదుగా జరిగేది, చిన్న ఓనర్ దగ్గర దాన్ని లెక్కపెట్టి మనిషిని అంచనా వేయలేం. గట్టి బ్రేకు అలా కాదు, రోజూ పడుతుంది. స్పీడ్ రోజూ దాటుతుంది, లేదా రోజూ దాటకుండా ఉంటుంది. నాలుగు బండ్లే అయినా ఏడాదిలో లక్షల కిలోమీటర్ల నడక కళ్ల ముందు ఉంటుంది. అందుకే డ్రైవింగ్ డేటా వల్ల నిజంగా లాభపడాల్సింది పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలు కాదు, మాలాంటి రెండు బండ్లు, నాలుగు బండ్లవాళ్లు. మన దేశంలో లారీలు ఎక్కువ శాతం ఇలాంటి వాళ్లవే.

డేటా కోసం కొత్తగా ఏదో కొనాల్సిన పని కూడా లేదు చాలామందికి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక అమ్ముతున్న పెద్ద లారీల్లో కంపెనీవాళ్లే బాక్సు పెట్టి ఇస్తున్నారు. టాటా బండ్లకు ఫ్లీట్ ఎడ్జ్, లేలాండ్‌కు ఐ-అలర్ట్, భారత్‌బెంజ్‌కు ట్రక్‌కనెక్ట్, మహీంద్రాకు ఐమ్యాక్స్, అన్నీ ఫోన్లో కనిపించేవే. పాత బండికైతే మూడు నాలుగు వేలు పెడితే జీపీఎస్ డబ్బా వస్తుంది, పైన సిమ్ రీచార్జ్. సింగరేణి బొగ్గు లారీలవాళ్లకు జీపీఎస్ ఎప్పటినుంచో అలవాటే. మా దగ్గర చాలామంది ఆ యాప్‌ను బండి ఎక్కడుందో చూసుకోవడానికి, డీజిల్ దొంగతనం పట్టుకోవడానికి తప్ప ఇంకదేనికీ వాడరు. మిగతా సమాచారమంతా కంపెనీల సర్వర్లలో మూలుగుతోంది. బండి మాది, కిస్తీ మాది, సిమ్ రీచార్జ్ మాది, దాని ఉపయోగం మాత్రం మాకు లేదు.

అయితే ఆ డేటాను ఉన్నది ఉన్నట్టు నమ్మేసినా కష్టమే. మా దగ్గర ఒక పాత డ్రైవర్ ఉన్నాడు, నాన్న కంటే పెద్దాయన, నేను మామా అని పిలుస్తాను. నడిపే తీరును చూసి యాప్ వేసే స్కోరు ఆయనకు ఎప్పుడూ అందరికంటే బాగుంటుంది. ఒక నెల ఉన్నట్టుండి అట్టడుగుకు పోయింది. రిపోర్టు చూస్తే గట్టి బ్రేకుల ఎర్ర చుక్కలు ఒకే రోడ్డు మీద, మూడు నాలుగు చోట్ల గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అడిగితే ఆయన నవ్వి, "బిడ్డా, యాసంగి కోతలు కదా, వడ్లు తెచ్చి సగం రోడ్డు మీద పోసిండ్రు, చుట్టూ రాళ్లు పెట్టిండ్రు, రాత్రిపూట మీదికొచ్చేదాకా కనబడయి. బ్రేక్ కొట్టకుంటే ఆ రాళ్ల మీదికన్న పోవాలె, ఎదురొచ్చే బండి మీదికన్న పోవాలె. నీ డబ్బాకు వడ్లు కనబడ్తయా?" అన్నాడు. ములుగు రోడ్డయినా, నర్సంపేట రోడ్డయినా, కరీంనగర్ రోడ్డయినా కోతలప్పుడు తిరిగేవాళ్లకు ఇది కొత్త కాదు. పంటను ఆరబెట్టుకోవడానికి రైతుకు కల్లం లేక రోడ్డు మీదికొస్తున్నాడు, ఆయన్నీ తప్పుబట్టలేం. బాక్సుకు మాత్రం ఒక్క సెకనులో వేగం గంటకు పది పన్నెండు కిలోమీటర్లు పడిపోయింది అన్నదొక్కటే తెలుస్తుంది. అది ఫోన్ చూస్తూ ముందు బండిని ఆలస్యంగా గమనించిన బ్రేకా, మనిషి ప్రాణం కాపాడిన బ్రేకా దానికి తెలియదు.

కాబట్టి బీమావాళ్లు రేపు ఈ స్కోర్లు తీసుకుంటే ఒక్కొక్క బ్రేకును కాకుండా, అదే రోడ్డు మీద తిరిగిన మిగతా బండ్లతో పోల్చి చూడాలి. అందరూ ఒకేచోట బ్రేక్ కొడుతుంటే తప్పు డ్రైవర్‌ది కాదు, ఆ చోటుది. నా మట్టుకు నాకు ఇది బీమా కంటే పెద్ద సంగతి అనిపిస్తుంది. వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో తిరిగే లారీల గట్టి బ్రేకుల చుక్కలన్నీ ఒక్క మ్యాపు మీద పెడితే, ఎక్కడ స్పీడ్ బ్రేకరుకు రంగు పోయిందో, ఎక్కడ మలుపులో చెట్టు అడ్డమొస్తోందో, ఎక్కడ లైటు లేదో, మనిషి చచ్చిపోకముందే తెలిసిపోతుంది. ఇప్పుడు బ్లాక్ స్పాట్ అని బోర్డు పెట్టాలంటే ముందు అక్కడ కొందరు చావాల్సి వస్తోంది.

ఇక వ్యాపారం సంగతి. బీమాలో ఏదో తగ్గుతుందని డేటా చూడటం మొదలుపెట్టినవాళ్లు కూడా చివరికి లాభం చూసేది డీజిల్‌లోనే. బండి నెలకు 6,000 కిలోమీటర్లు తిరుగుతుంది, యావరేజ్ లీటరుకు 4 వస్తుంది అనుకుందాం, 1,500 లీటర్లు కావాలి. అదే యావరేజ్ 4.2కు పెరిగితే 1,429 లీటర్లు చాలు. డీజిల్ లీటరు 95 రూపాయలు అనుకున్నా నెలకు దాదాపు 6,800 మిగులుతాయి. ఏడాదికి ఒక్కో బండికి 80 వేల పైమాట, నాలుగు బండ్లకు 3 లక్షలు దాటుతుంది, అంటే మేం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం మొత్తం కంటే ఎక్కువ. ఆ 0.2 ఎక్కడినుంచి వస్తుందంటే సరిగ్గా బీమావాళ్లు చూడాలనుకునే చోటు నుంచే. ఊరికే యాక్సిలరేటర్ తొక్కి వెంటనే బ్రేక్ కొట్టకపోవడం, 80 దగ్గర కాకుండా 60 దగ్గర నిలకడగా పోవడం, ఇంజిన్ ఆన్ చేసి నిద్రపోకపోవడం. ఇలా నడిస్తే టైర్లూ, బ్రేక్ లైనర్లూ కూడా ఎక్కువ రోజులు వస్తాయి, అది వేరే సంగతి.

ఆగి ఉండే సమయం గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడే మాకు గుండె మండుతుంది. లోడు తీసుకుని రైస్ మిల్లుకో, గోదాముకో పోతే గేటు బయట ఎన్ని గంటలు నిలబడాలో దేవుడికే తెలియాలి. హమాలీలు లేరంటారు, తేమ ఎక్కువుందంటారు, కాటా దగ్గర లైనుందంటారు. మార్కెట్లో మిర్చి పోటెత్తే రోజుల్లో యార్డు లోపలికి పోయిన బండి తిరిగి ఎప్పుడొస్తుందో చెప్పలేం. డ్రైవర్ ఎండకు తట్టుకోలేక ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుంటాడు, పెద్ద బండి అలా నిలబడే గంటకు రెండు లీటర్ల దాకా తాగేస్తుంది. ఇప్పుడు 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు, డ్రైవర్‌కు అది కావాల్సిందే, కానీ గేటు దగ్గర నిలబెట్టే పద్ధతి మారకపోతే ఆ డీజిలూ మా నెత్తినే పడుతుంది. హాల్టింగ్ చార్జీ అడిగితే వెనకటికి "నీ బండి పొద్దున వచ్చిందని రుజువేంది?" అనేవాళ్లు. ఇప్పుడు రిపోర్టు తీసి చూపిస్తున్నాను, గేటు దగ్గరికి ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని. అందరూ ఇస్తున్నారని చెప్పను. కొందరు సగం ఇచ్చి సర్దుకోమంటున్నారు, అదివరకు ఆ సగమూ లేదు.

దీనికీ బీమాకూ సంబంధం ఏంటంటారేమో, చాలా ఉంది. గేటు దగ్గర పోయిన ఆ గంటలను డ్రైవర్ రాత్రి రోడ్డు మీద రాబట్టుకోవాలి. నాగపూర్‌లో పొద్దున్నే బండి ఉండాలని బ్రోకర్ టైమ్ పెట్టాక, ఇక్కడ సాయంత్రం లోడింగ్ పూర్తి కావాల్సింది అర్ధరాత్రయితే, డ్రైవర్ మంచిర్యాల, ఆసిఫాబాద్, చంద్రాపూర్ మీదుగా కన్ను మూయకుండా పోవాల్సిందే. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని అప్పుడే రాశారు అందులో. అది మా లైన్లో ఎంతమందికి తెలుసో నాకైతే అనుమానమే. తెల్లవారుజామున మూడింటికి స్పీడ్ దాటితే రిపోర్టులో డ్రైవర్ పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది, ఆయన్ని గేటు దగ్గర ఆపినవాడి పేరు మాత్రం ఎక్కడా పడదు.

అందుకే డ్రైవర్లు ఈ బాక్సంటే మండిపడతారు. ఊరికే నిఘా పెట్టారని వాళ్లకు కోపం. చాలామంది ఓనర్లు స్కోరు చూసి బత్తా కోస్తున్నారు, అలా చేస్తే వారం తిరక్కుండా బాక్సు వైరు తెగుతుంది, ఎలుకలు కొరికాయంటారు. మా ఇంట్లో పద్ధతి వేరు. మిగిలిన డీజిల్ డబ్బులో సగం డ్రైవర్‌కే ఇస్తాం, స్కోరు తగ్గితే కోత లేదు, ఎందుకు తగ్గిందో కూర్చుని మాట్లాడటమే. కోతకు అలవాటుపడ్డ ఓనర్లకు ఇది నచ్చదు, "నెత్తికెక్కించుకుంటున్నవ్ బిడ్డా" అని నాకే చెప్తారు. నేను వాళ్లను అడిగేది ఒక్కటే, మంచి డ్రైవర్ ఒకడు మానేస్తే ఇంకొకడు దొరకడానికి బండి ఎన్ని రోజులు షెడ్డులో పడి ఉంటోంది?

కెమెరా సంగతీ చెప్పాలి. 2024 జనవరిలో హిట్ అండ్ రన్ సెక్షన్ మీద డ్రైవర్లు సమ్మె చేసినప్పుడు పెట్రోల్ బంకుల దగ్గర ఎంత గోలయిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. పదేళ్ల జైలు అన్న మాటే అందరూ పట్టుకున్నారు, డ్రైవర్ ఎందుకు పారిపోతాడో పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఆగితే జనం కొడతారు. తప్పెవరిదైనా పెద్ద బండిదే తప్పు, మన దగ్గర అది రాయని చట్టం. మా బండికే ఒకసారి రాంగ్ రూట్లో వచ్చిన బైకు తగిలింది, దేవుడి దయ వల్ల కుర్రాడికి కాలికి దెబ్బతోనే సరిపోయింది. చుట్టూ జనం చేరి డ్రైవర్‌ను కిందికి లాగుతుంటే, పోలీసులొచ్చి అద్దం దగ్గరున్న కెమెరా చిప్ చూశాకే వాళ్లు చల్లబడ్డారు. ఆ వీడియో డ్రైవర్‌కే కాదు, బీమా కంపెనీకీ పనికొస్తుంది. థర్డ్ పార్టీలో మనిషికి గాయమైనా ప్రాణం పోయినా కంపెనీ కట్టాల్సిన పరిహారానికి పరిమితి అంటూ లేదు, ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత. తప్పు ఎదుటివైపు కూడా ఉందని రుజువైతే కంపెనీకి లక్షలు మిగులుతాయి. కెమెరా కొన్నది మేము, మిగిలేది కంపెనీకి, మాకు 43,950లో ఒక్క రూపాయి తగ్గదు.

అమెరికాలో ఇది వేరేగా ఉంది. అక్కడ దూరప్రాంతాలకు పోయే ట్రక్కుల్లో 2017 డిసెంబరు నుంచి ఎలక్ట్రానిక్ లాగ్ పెట్టే పరికరం తప్పనిసరి చేశారు, మొదట అది బీమా కోసం కాదు, డ్రైవర్ రోజుకు 11 గంటలకు మించి నడపకూడదన్న నిబంధన అమలు కోసం. అక్కడ లారీలు నడిపేవాళ్లలో మన పంజాబీలు చాలామందే ఉన్నారు, వాళ్లూ మొదట్లో నానా తిట్లూ తిట్టారు. తర్వాత బీమా కంపెనీలు ఆ లాగ్ డేటాను అడగడం మొదలుపెట్టాయి. ప్రోగ్రెసివ్ అనే పెద్ద కంపెనీ స్మార్ట్ హాల్ పేరుతో, డేటా చూసేందుకు ఒప్పుకున్న చిన్న ట్రక్కు ఓనర్లకు ప్రీమియంలో తగ్గింపు ఇస్తోంది. అక్కడి రోడ్లు వేరు, అక్కడి కిరాయిలు వేరు, అక్కడ ఎవరూ హైవే మీద వడ్లు ఆరబోయరు, కాబట్టి అదంతా ఇక్కడ దించేయమని నేను అనను. తీసుకోవాల్సింది ఒక్కటే, పరికరం ఎలాగూ పెట్టించారు కాబట్టి దాని లాభంలో ఓనర్‌కూ వాటా ఇచ్చారు.

మన దగ్గర కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జులైలో ఎంత తిరిగితే అంత కట్టే పద్ధతి, ఎలా నడిపితే అలా కట్టే పద్ధతి, రెండింటికీ ఓడీ వరకు అనుమతి ఇచ్చింది. కార్లకు ప్రకటనలు కనిపిస్తున్నాయి, నేను అడిగిన ఏ ఏజెంటూ లారీకి అలాంటిది చూపించలేకపోయాడు. అనుమతి వచ్చినా మాకు మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. థర్డ్ పార్టీలో తగ్గింపు కుదరదు అని ఎవరైనా అంటే అదీ నిజం కాదు. అదే 2022 రేట్ల ఉత్తర్వులో ఎలక్ట్రిక్ బండ్లకు 15 శాతం, హైబ్రిడ్ వాటికి 7.5 శాతం, విద్యాసంస్థల బస్సులకు 15 శాతం తగ్గించారు. షెడ్డులో దాచుకునే వింటేజ్ కార్లకైతే ఏకంగా 50 శాతం. వాళ్లకివ్వడం తప్పని నేను అనడం లేదు. ముచ్చట కోసం ఉంచుకున్న పాత కారుకు సగం తగ్గించగలిగినప్పుడు, ఏడాది పొడుగునా స్పీడ్ దాటకుండా నడిచిన లారీకి పదో పదిహేనో శాతం తగ్గించడానికి అడ్డేంటో కేంద్ర రవాణా శాఖ చెప్పాలి.

దాంతోపాటు ఇంకా కొన్ని తేలాలి. ఒక్కో కంపెనీ యాప్ ఒక్కో రకంగా స్కోరు వేస్తుంది, టాటా బండిలో గట్టి బ్రేక్ అన్నది లేలాండ్ బండిలో కాకపోవచ్చు, రెండు రకాల బండ్లున్న ఓనర్ రెండు స్కోర్లను పక్కపక్కన పెట్టలేడు. ఐఆర్‌డీఏఐ ఒక పేజీ నమూనా ఇస్తే చాలు, కిలోమీటర్లు, రాత్రి నడక, స్పీడ్ దాటిన సమయం, వంద కిలోమీటర్లకు గట్టి బ్రేకులు, ఆగకుండా నడిపిన గంటలు, ఏ కంపెనీ బాక్సయినా అదే పేజీ ఇవ్వాలి. అన్నిటికంటే మాకు భయం వేరే ఉంది. తగ్గింపు కోసం ఇచ్చిన డేటానే రేపు ప్రమాదం జరిగాక "ఆ రోజు మీ బండి 82లో ఉంది కదా" అని క్లెయిమ్ కొట్టేయడానికి వాడితే కొరివితో తల గోక్కున్నట్టే. డేటా ఇచ్చింది రేటు కోసం, క్లెయిమ్ తిరస్కరించడానికి కాదు అని పాలసీ మీదే రాయాలి. డ్రైవర్ సమాచారానికి 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉండనే ఉంది, ఆయనకు చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే తీసుకోవాలి. సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలి.

మా లారీ ఓనర్ల సంఘాల పెద్దలకు కూడా ఒక మాట. కిరాయిల కోసం, కాటా దగ్గర గొడవల కోసం అందరం కలుస్తాం, ఇన్సూరెన్స్‌కు మాత్రం ఎవరికి వాళ్లం ఏజెంటు ముందు కూర్చుంటాం. రెండు బండ్లవాళ్లు, నాలుగు బండ్లవాళ్లు ఓ యాభై మంది కలిసి, అందరి డేటా పేర్లు తీసేసి ఒకచోట పెట్టి, అందరి ఓడీ రెన్యువల్ ఒకే నెలకు తెచ్చుకుని కంపెనీలను పిలిస్తే, అప్పుడు రిపోర్టు పక్కన పెట్టే ధైర్యం ఏ కంపెనీకీ ఉండదు. థర్డ్ పార్టీకి ఢిల్లీ దాకా పోవాలి గానీ ఓడీకి వరంగల్‌లోనే మొదలుపెట్టొచ్చు. మా బండ్లలో రెండింటికి మార్చిలో రెన్యువల్ ఉంది. మా రిపోర్టులు ఏడాదివి మొత్తం దాచి ఉంచాను, సంఘం వాళ్లు ముందుకొస్తే మొదటి నాలుగు బండ్లు మావే రాసుకోవచ్చు.

ఇట్లు,
ఒక చిన్న లారీ ఓనర్ కూతురు,
హన్మకొండ